సాఫ్ పౌడర్: కుండీల్లో ఆకుమచ్చలకు పనిచేస్తాది, కానీ అన్ని మచ్చలకూ కాదు

సాఫ్ అనే ఈ ఫంగస్ మందుకు ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తాండా. మచ్చ ఫంగస్ మచ్చ అయితేనే ఈ నాలుగు, కాకపోతే ఈ ప్యాకెట్ మీ చెట్టుకు సున్నా. దీని మీద రివ్యూలు చూస్తే సగం మంది సూపర్ అంటారు, సగం మంది డబ్బులు దండగ, మచ్చలు అట్లనే ఉండాయి అంటారు. నన్నడిగితే ఇద్దరూ నిజమే రాసినారు, వాళ్ల చెట్లకు వచ్చిన రోగాలే వేరు. అందుకని పౌడర్ గురించి ఎంత రాస్తానో మచ్చల గురించి అంతకంటే ఎక్కువే రాస్తా, పొడుగైతాది, ఓపిక ఉంటే చదవండి.

ముందు వస్తువు ఏందో చెప్తా. ఇది యూపీఎల్ కంపెనీది. కార్బెండజిమ్ 12 శాతం, మాంకోజెబ్ 63 శాతం కలిపిన పొడి, నీళ్లల్లో కలిపి కొట్టేది. మాంకోజెబ్ ఆకు పైపైనే పొరగా ఉండిపోయి, గాలికో నీళ్లకో వచ్చి పడే ఫంగస్‌ను అక్కడ మొలవనీదు. కార్బెండజిమ్ ఆకు లోపలికి పోయి అప్పటికే దూరిన దాన్ని పట్టుకుంటాది. ఈ రెండూ మన అనంతపురం జిల్లాకు కొత్త కాదు, శెనక్కాయ పెట్టిన ఏ ఇంట్లో అడిగినా తిక్క తెగులుకు కొట్టే మందులే కదా అంటారు. శెనక్కాయ ఆకు మీద గుండ్రంగా నల్లగా, చుట్టూ పసుపు వలయంతో వస్తాయే, ఆ మచ్చ చూసినోళ్లకు రబ్బర్ ప్లాంట్ మీద, గులాబీ మీద ఫంగస్ మచ్చ గుర్తు పట్టేది శానా తేలిక. ఇంట్లో మొక్కలు పెంచేవాళ్లలో ఎక్కువ మందికి ఆ అలవాటు లేదు, మా ఇంట్లో మా మామగారికి ఉండాది.

నేను తెచ్చింది అనంతపురం పాతూరులో ఒక ఎరువుల అంగట్లో. పేరు రాయను, బోర్డు మీద పేరు కంటే విత్తనాల కంపెనీల బొమ్మలే పెద్దగా ఉంటాయి అట్లాంటి అంగడి. కౌంటర్లో పెద్దాయన "ఏం పంటకు కావల్లమ్మా, శెనక్కాయకా దానిమ్మకా" అన్నాడు. "పంటకు కాదన్నా, ఇంట్లో కుండీల చెట్లకు" అంటే నవ్వకుండా "ఆకు తెచ్చినావా" అని అడిగినాడు. ఇది నాకు భలే నచ్చింది. తెచ్చిన ఆకును వెలుతురుకు పెట్టి చూసినాడు, వెనక్కి తిప్పి వేలితో రుద్ది చూసినాడు, "ఏ నీళ్లు పోస్తాండారు" అని అడిగినాడు, ఆ తర్వాతనే ప్యాకెట్ తీసినాడు. అదీ నేను తీసుకపోయిన ఆకులన్నిటికీ కాదు, రబ్బర్ ప్లాంట్ దానికీ గులాబీ దానికీ మాత్రమే. స్పైడర్ ప్లాంట్ ఆకు నా చేతికే తిరిగిచ్చి దీనికి మందు లేదు నీళ్లు మార్చమన్నాడు. అంగడికి ఐదుకు ఐదు. వేరే చోట ఒక నర్సరీలో ఇదే అడిగితే ఆకు వైపు కూడా చూడకుండా ప్లాస్టిక్ కవర్లో ఏదో పొడి పోసి ముడేసి ఇచ్చినారు, పేరు లేదు తేదీ లేదు బిల్లు లేదు. పురుగుమందులు అమ్మేదానికి 1968 నాటి చట్టం కింద లైసెన్సు ఉండల్ల, విప్పి పొట్లాలు కట్టి అమ్మేది అసలు కుదరదు, ఇది ఎంతమందికి తెలుసో నాకు డౌటే.

ఇప్పుడు పనితనం. రబ్బర్ ప్లాంట్ ముందర వసారాలో ఉంటాది, సెప్టెంబర్ అక్టోబర్ వానలకు మిద్దె మీద నుంచి పడే నీళ్లు చిమ్మి దాని ఆకుల మీద పడతాయి. కింది ఆకుల్లో మొదలైంది, గోధుమ రంగు మచ్చ, అంచు ముదురు, మధ్యలో లేతగా ఎండిపోయి, కొన్నిట్లో వలయం లోపల వలయం. భూతద్దం పెట్టి చూస్తే ఆ ఎండిన చోట సన్న నల్ల చుక్కలు. ఆ చుక్కలు కనపడితే ఇంక అనుమానం లేదు, ఫంగస్ అక్కడ తన విత్తనాల మాదిరివి తయారుచేసుకుంటాంది అని అర్థం, నీళ్లు చిమ్మినప్పుడల్లా పక్క ఆకుకు పోతాది. గులాబీకి వచ్చింది నల్లమచ్చ, దాని అంచు నున్నగా ఉండదు, సిరా కారినట్ల చెదిరి ఉంటాది, చుట్టూ ఆకు పసుపెక్కి రాలిపోతాది. ఈ నల్లమచ్చకు ఆకు కనీసం ఏడెనిమిది గంటలు తడిగా ఉండల్ల, అందుకే మన ఎండాకాలంలో ఇది పెద్దగా కనపడదు, వానలప్పుడు, లేకపోతే సాయంత్రం పూట పైపుతో ఆకుల మీద నీళ్లు కొట్టే ఇళ్లల్లో కనపడతాది.

డౌటు ఉంటే రెండు పనులు చెయ్యండి. మచ్చ చుట్టూ మార్కర్ పెన్నుతో గీత గీసి వదిలేయండి, వారంలో మచ్చ గీత దాటితే అది పెరిగే రోగం, దాటకపోతే చాలామటుకు ఎండో నీళ్లో దెబ్బో, మందుతో పని లేదు. రెండోది, మచ్చ ఉన్న ఆకు ఒకటి తెంపి స్టీల్ డబ్బాలో తడి టిష్యూ పేపర్ పైన పెట్టి మూత పెట్టండి, రెండు మూడు రోజులకు మచ్చ మీద నూగు మాదిరి వచ్చినా నల్ల చుక్కలు లేచినా ఫంగస్ అని దాదాపు ఖాయం. ఆకు చచ్చినాక దానిమీద మామూలు బూజు కూడా వస్తాది కాబట్టి అన్నం మీద పట్టే తెల్ల బూజు చూసి మోసపోవద్దు, మచ్చ ఉన్న చోటే వచ్చిందా అని చూడల్ల. ఫోటో తీస్తే జబ్బు చెప్పే యాప్‌లు ఉన్నాయి, పంటల కోసం చేసినవి పంటలకు బాగానే ఉంటాయేమో, కానీ ఫోటోకు ఆకు వెనకాల ఏముందో మీ ఇంటి బోరు నీళ్లు ఎట్లాంటివో యాడ తెలుస్తాది.

మా రబ్బర్ ప్లాంట్‌కూ గులాబీకీ ముందు మచ్చలున్న ఆకులు తుంచేసి, కింద రాలినవన్నీ ఏరి చెత్త బండికి ఇచ్చినాం (కంపోస్టులో వెయ్యొద్దు), ఆ తర్వాత సాఫ్ కొట్టినాం. లీటరు నీళ్లకు 2 గ్రాములు. పది పన్నెండు రోజులు ఆగి ఇంకోసారి. రబ్బర్ ప్లాంట్‌కు ఆ తర్వాత విప్పుకున్న కొత్త ఆకులన్నీ శుభ్రంగా వచ్చినాయి, మళ్లీ ఒక్క మచ్చ లేదు. గులాబీకి కూడా తగ్గింది కానీ మళ్లీ వాన పట్టినప్పుడు కొంచెం తిరిగొచ్చింది, గులాబీతో అది మామూలే.

ఒక్క స్టార్ ఇచ్చినోళ్లకు ఇక్కడ ఒక మాట. ఉన్న మచ్చ మానదు. మచ్చ అంటే ఆకులో ఆ చోటు చచ్చిపోయింది అని, చచ్చిన చోటు మళ్లీ పచ్చగా అయ్యే మందు ఏ కంపెనీ చెయ్యలేదు. మందు కొట్టినాక చూడాల్సింది కొత్త ఆకును. అన్నిటికంటే పైన ఉన్న లేత ఆకు కాడకు ఒక దారం కట్టి పెట్టుకోండి, దాని తర్వాత వచ్చినవి ఎట్లున్నాయో చూసి రేటింగ్ ఇయ్యండి.

ఇంక స్పైడర్ ప్లాంట్ సంగతికొస్తా, ఎందుకంటే మన ఊర్లో సగం కేసులు ఇవే. ఆకు కొనలు గోధుమ రంగుకు తిరిగి ఎండిపోతాయి, డ్రసీనాకైతే అంచుల వెంబడి మచ్చలు మచ్చలుగా, పీస్ లిల్లీకి కొనలు నల్లగా. అందరూ ఫంగస్ అని సాఫ్ కొడతాంటారు. ఇది నీళ్ల వల్ల వచ్చేది. ఈ జిల్లా బోర్లల్లో ఫ్లోరైడ్ ఉంటాదని మనకు ఎవరూ కొత్తగా చెప్పే పని లేదు, మంచి నీళ్ల కరువుకే కదా 1990ల్లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చింది. మనిషి తాగే నీళ్లల్లో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా హద్దు పెట్టినారు, డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటివి అంత కూడా తట్టుకోవు. వేరు పీల్చిన నీళ్లు ఆకు కొనదాకా పోయి అక్కడ ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్, ఉప్పు అక్కడే మిగిలి మిగిలి కొనను కాల్చేస్తాయి. నీళ్లు రాత్రంతా బకెట్లో పెట్టి పోస్తే సరిపోతాదని చెప్పేవాళ్లు ఉన్నారు, అట్ల పెడితే పోయేది క్లోరిన్, ఫ్లోరైడ్ పోదు, కాచినా పోదు.

ఇంకో ఘోరం ఏందంటే ఆర్‌ఓ మిషన్ పైపులోంచి బయటికి పోయే నీళ్లు వేస్ట్ చేయకూడదని కుండీలకు పోసేది. అది మంచి బుద్ధే, కాదనను, కానీ ఆ మిషన్ తీసేసిన ఉప్పంతా ఆ బయటికి వచ్చే నీళ్లల్లోనే ఉంటాది, మామూలు బోరు నీళ్ల కంటే అవి ఇంకా ఉప్పన. బండలు కడుక్కోండి, బాత్‌రూమ్‌కు వాడండి, డ్రసీనాకు మాత్రం పోయొద్దు. కుండీ అంచున, మట్టి పైన తెల్లగా సున్నం మాదిరి పేరుకుంటే అదే గుర్తు. వాన నీళ్లు పట్టుకోండి, లేదంటే ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి, ఏప్రిల్ మే నెలల్లో మన ఊర్లో ఏసీలు ఆగేది ఎప్పుడు, ఆ నీళ్లల్లో ఉప్పు దాదాపు ఉండదు. ఆ మంచి నీళ్లే కుండీ నిండా పోసి కింద రంధ్రం నుంచి కారిపోనిచ్చి, మళ్లీ పోసి, ఇట్ల నాలుగైదు సార్లు చేస్తే పేరుకున్న ఉప్పు కడుక్కొని పోతాది. కింద ప్లేటులో నిలిచిన నీళ్లు పారబోయల్ల, లేకపోతే మళ్లీ పైకి లాగుతాది. ఇంకొకటి, పూలు బాగా పూస్తాయని సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అన్ని కుండీలకూ ఒక్క చారెడు వేసే అలవాటు ఉంటే ఈ చెట్లకు మానుకోండి, దాంట్లో కూడా ఫ్లోరైడ్ ఉంటాది. మా స్పైడర్ ప్లాంట్‌కు ఎండిన కొనలు కత్తెరతో కోసేసి నీళ్లు మార్చినాం, అంతే, మందు ముట్టుకోలేదు.

మూడోది ఎర్రనల్లి, కంటికి సరిగ్గా కనపడనంత సన్న పురుగు. మార్చి దాటితే ఊరంతా ఇదే, వేడీ పొడి గాలీ దానికి పండగ. ఆకు మీద సూదితో పొడిచినట్ల లెక్కలేనన్ని సన్న తెల్ల చుక్కలు, దూరం నుంచి చూస్తే ఆకు దుమ్ము పట్టినట్ల పాలిపోయి కనపడతాది. తెల్ల కాగితం కింద పెట్టి ఆకును తట్టండి, పడిన దుమ్ములో చుక్కలు నడుస్తాంటే అవే. మందారం, గులాబీ, ఇంట్లో అయితే పామ్‌లకు ఎక్కువ. సాఫ్ ఫంగస్ మందు, దీని మీద ఏమాత్రం పనిచేయదు. ఆకుల వెనకాల గట్టిగా నీళ్లు కొట్టి కడగల్ల, రెండు మూడు రోజులకొకసారి, తగ్గకపోతే వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు రొంత సబ్బు నీళ్లతో కలిపి పొద్దు గూకినాక కొట్టల్ల. ఎండలో నూనె కొడితే ఆకు మాడిపోతాది.

బ్యాక్టీరియా మచ్చలు అగ్లోనీమా, సింగోనియం, ఆంథూరియం లాంటి వాటికి వస్తాయి. తడిసి నానినట్ల, నూనె అంటినట్ల కనపడతాయి, గుండ్రంగా కాకుండా ఈనెల మధ్య మూలలు తేలి ఉంటాయి, వెలుతురుకు పట్టుకుంటే ఆ చోటు గాజు మాదిరి వెలుగుతాది, ముదిరితే మెత్తబడి కంపు కొడతాది. అంగట్లో పెద్దాయన వెలుతురుకు పెట్టి చూసింది దీనికోసమే అనుకుంటా. మన జిల్లాలో దానిమ్మ తోటలను ముంచిన మచ్చ తెగులు కూడా బ్యాక్టీరియాదే, ఆ రైతులను అడగండి అది ఎంత మొండిదో చెప్తారు. సాఫ్ దీనికీ పనికిరాదు. కాపర్ ఆక్సీక్లోరైడ్ (బ్లైటాక్స్ అని దొరికేది) లీటరుకు 3 గ్రాములు కొడితే పాకేది నెమ్మదిస్తాది, నయం కాదు. ఒక్క కుండీ అయితే నేను పారేయమనే చెప్తా, పక్కవాటికి అంటించుకోవద్దు, కత్తెర స్పిరిట్‌తో తుడవండి.

ఎండ మచ్చ గురించి పెద్దగా రాసేదేం లేదు. ఎండ తగిలే వైపే తెల్లగా పాలిపోయి ఎండుతాది, పాకదు. గోదావరి పక్క నర్సరీల ఊరు కడియం నుంచి లారీలో వచ్చిన చెట్టును, అక్కడి తేమలో నీడ వలల కింద పెరిగినదాన్ని, నేరుగా మన మిద్దె మీద పెడితే ఇంకేమవుతాది.

వాడే పద్ధతి. ప్యాకెట్ మీద పొలం లెక్కలు ఉంటాయి, ఎకరాకు ఇంత అని, కుండీలోళ్లకు ఉపయోగం లేదు, నేను ఒక స్టార్ కోసింది దీనికే. స్పూన్‌తో కొలిస్తే ఎక్కువతక్కువ అవుతాది, చిన్న డిజిటల్ స్కేల్ ఉంటే మంచిది. ముందు పొడిని రొంత నీళ్లల్లో పేస్టు మాదిరి కలిపి, తర్వాత మిగతా నీళ్లు పోయండి, లేకపోతే ఉండలు కట్టి స్ప్రేయర్ నాజిల్ మూసుకుంటాది, నేనైతే పాత చున్నీతో వడకట్టి పోస్తా. పొడి కరగదు, నీళ్లల్లో తేలుతా ఉంటాది అంతే, అందుకే కొట్టేటప్పుడు మధ్య మధ్యలో బాటిల్ ఊపుతా ఉండల్ల. మనీ ప్లాంట్, రబ్బర్ ప్లాంట్ ఆకులు నున్నగా ఉంటాయి, మందు చుక్కలుగా జారిపోతాది, షాంపూ ఒక్క చుక్క వేస్తే పరుచుకుంటాది, మందు ఆకుకు అంటుకునేలా చేసే ద్రావణం అంగట్లో స్టిక్కర్ అని అడిగినా ఇస్తారు. ఆకు వెనకాల కూడా తడవల్ల. కలిపిన నీళ్లు ఆరోజే అవగొట్టండి, మర్నాటికి పెట్టుకుంటే మాంకోజెబ్ బలం తగ్గిపోతాది. ఆరినాక ఆకుల మీద పొడి మరకలు పడతాయి, హాల్లో పెట్టే చెట్టుకు అది చూసేదానికి బాగుండదు, వారం ఆగి తడిగుడ్డతో తుడుచుకోవచ్చు.

జాగ్రత్తలు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దండి, సాఫ్ అని పేరు ఉందని శుభ్రమైన సబ్బు పొడి అనుకోవద్దు. యూరప్‌లో మాంకోజెబ్‌కు 2020 డిసెంబర్‌లో అనుమతి పొడిగించకుండా ఆపేసినారు, కార్బెండజిమ్‌కు అంతకుముందే అక్కడ అనుమతి పోయింది. కుండీలను బయటికి తెచ్చి కొట్టండి, హాల్లో కాదు, గ్లవ్స్, మాస్క్ వేసుకోండి, ముఖ్యంగా పొడి కలిపేటప్పుడు. చేపల తొట్టి ఉన్న ఇంట్లో ఇంకా జాగ్రత్త, మాంకోజెబ్ చేపలకు విషం. తులసికి, కరివేపాకుకు, పుదీనాకు, తమలపాకుకు కొట్టొద్దు, రోజూ కోసుకొని నోట్లో వేసుకునేవి అవి, వాటికి మచ్చలొస్తే ఆకులు కత్తిరించేసి, గాలి ఆడే చోట పెట్టి, చెట్టు మొదలు దగ్గర నీళ్లు పోసుకుంటే సరి. గర్భంతో ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండండి.

అట్లనే రోగం లేకపోయినా వారం వారం కొట్టేది వద్దు. కార్బెండజిమ్‌ను ఊరికే కొడుతూ పోతే ఫంగస్ దానికి అలవాటు పడిపోతాది, పొలాల్లో ఆ అనుభవం అయినోళ్లు ఉన్నారు. ఒకసారి ఇది కొడితే ఇంకోసారి ఉత్త మాంకోజెబ్‌నో కాపర్‌నో మార్చుకోండి, అసలు ఆకుల మీద నీళ్లు పోయకుండా పొద్దున్నే చెట్టు మొదలు దగ్గర పోస్తే మందు అవసరమే శానా తగ్గిపోతాది. దాల్చినచెక్క పొడి, పసుపు, మజ్జిగ అని వీడియోల్లో చెప్పేవి కత్తిరించిన చోట అద్దేదానికి ఏమో గానీ, వానాకాలం గులాబీ నల్లమచ్చ వాటికి లొంగడం నేను చూడలేదు.

కొనేటప్పుడు 100 గ్రాముల చిన్న ప్యాకెట్టే తీసుకోండి, మన అంగళ్లలో వంద రూపాయల అటుఇటు ఉంటాది, గార్డెనింగ్ అని అందమైన డబ్బాలో ఆన్‌లైన్‌లో అమ్మేవి లోపల ఇదే మందు ఉండి రేటు రెండింతలు కూడా ఉంటాయి. తయారీ తేదీ, ఎక్స్‌పైరీ చూసి, బ్యాచ్ నంబర్ వేసిన బిల్లు అడగండి. 2 గ్రాముల లెక్కన 100 గ్రాములంటే 50 లీటర్ల మందు, కుండీలకు అంత ఎప్పటికి అయిపోవల్ల. మిగిలింది సగం పక్కింటి వాళ్లకు ఇద్దామనిపిస్తాది, కవర్లో పోసి ఇస్తే ఆ నర్సరీ వాళ్లు చేసిన పనే మనమూ చేసినట్ల అవుతాది కాబట్టి, కుండీలకు కొట్టే రోజు బాటిల్ తీసుకొని మా ఇంటికే రమ్మని చెప్పినా, ఇక్కడే కలుపుకొని పోతారు.